యాంటీబయాటిక్ వాడుతుంటే పిల్లలకి ప్రీబయాటిక్ పొడి ఇవ్వాలా?

బెంగళూరు మహదేవపుర నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాపకి రెండేళ్ళ నాలుగు నెలలు. చెవిపోటుకి డాక్టరుగారు ఏడు రోజుల అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ రాశారు. మూడో రోజు నుంచి రోజుకి అయిదారుసార్లు పలచగా వెళ్తోంది, పిర్రలు ఎర్రగా కందిపోయాయి. మందుల షాపులో ఏదో సాచెట్ ఇచ్చారు. భర్త ఆన్‌లైన్‌లో పిల్లల ప్రీబయాటిక్ పొడి తెప్పించారు. అత్తగారేమో జలుబు కూడా ఉందని పెరుగు ఆపేశారు. "కడుపులో మంచి బ్యాక్టీరియా దెబ్బతినకుండా ప్రీబయాటిక్ ఇప్పుడే మొదలుపెట్టాలా, కోర్సు అయ్యాక ఇవ్వాలా? ఎంత ఇవ్వాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తానమ్మా. విరేచనాలు అవుతున్నన్ని రోజులూ ప్రీబయాటిక్ పొడి వద్దు. డబ్బా మూత పెట్టి పక్కన పెట్టేయండి. పెరుగు మళ్ళీ పెట్టండి. యాంటీబయాటిక్‌ని మీ అంతట మీరు ఆపకండి. పాపకి ఇప్పుడు కావలసింది ఓ.ఆర్.ఎస్., మామూలు తిండి, పిర్రలకి మంచి క్రీము. ప్రీబయాటిక్ అవసరం మోషన్ గట్టిపడ్డాక మొదలవుతుంది, అది మీ వంటింట్లోనే దొరుకుతుంది. షాపువాళ్ళు ఇచ్చిన సాచెట్ బహుశా ప్రోబయాటిక్. దాని లెక్క వేరు, కింద చెప్తాను.

నేను పిల్లల డాక్టర్ని. మాది మదనపల్లె దగ్గర పల్లె, కె.ఆర్.పురంలో క్లినిక్ పెట్టి ఇరవై రెండేళ్ళయింది. జూన్‌లో వానలు పడి, డేకేర్లలో ఒకరి ముక్కు ఇంకొకరికి అంటుకోవడం మొదలైతే చాలు, వారానికి పదిమందైనా ఈ ప్రశ్నతో వస్తారు. ఒకప్పుడు "మేడమ్, మోషన్స్ ఆగడానికి మందు రాయండి" అనేవాళ్ళు. ఇప్పుడు "గట్ హెల్త్‌కి ఏమైనా రాయండి" అంటున్నారు.

ముందు ఈ రెండు పేర్ల గొడవ తేల్చుకుందాం. ప్రోబయాటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవులు. ప్రీబయాటిక్ అంటే ఆ జీవుల మేత. మనం అరిగించుకోలేని కొన్ని పిండిపదార్థాలూ పీచూ చిన్నపేగు దాటి పెద్దపేగు దాకా అలాగే వెళ్తాయి. అక్కడున్న బ్యాక్టీరియా వాటిని పులియబెట్టుకుని బతుకుతుంది. ఇనులిన్, ఎఫ్.ఓ.ఎస్., జి.ఓ.ఎస్. అని డబ్బాల మీద కనిపించేవి ఇవే. ఈ మాటని 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాడుకలోకి తెచ్చారు గానీ సరుకు మాత్రం పాతదే. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒలిగోశాకరైడ్లు. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. అవి బిడ్డ పేగులో ఉండే బైఫిడోబ్యాక్టీరియాకి తిండి. అందుకే పాలు తాగే పిల్లకి యాంటీబయాటిక్ ఇస్తున్నప్పుడు ఎవరైనా "పాలు ఆపండి" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మేత అంత మంచిదైతే ఇప్పుడెందుకు వద్దంటున్నాను? మలబద్ధకం ఉన్న పిల్లలకి లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్ రాస్తాం, మీలో చాలామంది వాడే ఉంటారు. అదీ ప్రీబయాటిక్కే! అరగని చక్కెర పెద్దపేగులోకి నీళ్ళు లాగుతుంది, పులిసి గ్యాస్ పుట్టిస్తుంది, మోషన్ వదులవుతుంది. డబ్బాలో పొడి కూడా మోతాదు పెరిగితే అదే పని చేస్తుంది. పైగా యాంటీబయాటిక్ దెబ్బకి ఈ మేత తినే బ్యాక్టీరియా ఇప్పుడు తగ్గిపోయి ఉంది. మామూలు తిండిలోని పీచే సరిగ్గా పులియక నీళ్ళు పట్టుకుని దిగిపోతోంది. పంక్తిలో సగంమంది లేచి వెళ్ళిపోయాక ఖాళీ విస్తళ్ళలో వడ్డిస్తూ పోతే ఏం లాభం?

రెండేళ్ళ కిందట బెళ్లందూరు నుంచి ఒక మూడేళ్ళ బాబుని తీసుకొచ్చారు. మీ పాపకి రాసిన మందే, మీ పాపలాగే మూడో రోజు మోషన్స్. తల్లిదండ్రులు మంచి ఉద్దేశంతో ఇనులిన్ పొడి కొన్నారు. డబ్బా మీద రోజుకి ఒక స్కూపు అని ఉంటే, "ఇన్ఫెక్షన్ కదా, ఎక్కువ కావాలేమో" అని పాలసీసాలో పూటకో స్కూపు కలిపారు. నా దగ్గరికి వచ్చేసరికి వాడి పొట్ట డప్పులా ఉంది, రోజుకి పదిసార్లు వెళ్తున్నాడు, పిర్రల మీద తోలు లేచిపోయి కూర్చోబెడితే కేక పెడుతున్నాడు. నేను కొత్త మందేమీ రాయలేదు. పొడి ఆపించాను, పాలు తగ్గించి పెరుగన్నం పెట్టమన్నాను. రెండు రోజుల్లో మోషన్స్ మూడుకి దిగాయి. యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగానే వాడాడు.

ఇంకో సంగతి. ఈ సిరప్‌తో వచ్చే మోషన్స్ అన్నీ మంచి బ్యాక్టీరియా పోవడం వల్లే రావు. ఇందులోని క్లావులనేట్ పేగు కదలికని తనంతట తానే పెంచుతుంది. దీన్ని ఖాళీ కడుపున కాకుండా అన్నం మొదటి ముద్దతో పాటు ఇస్తే చాలామంది పిల్లల్లో ఇబ్బంది తగ్గుతుంది. ఉదయం నిద్ర లేపగానే నోట్లో పోసేసి డేకేర్‌కి పరిగెత్తే ఇళ్ళలో ఈ ఒక్క మార్పుతోనే తేడా చూశాను. అలాగే, ఒకే పేరుతో వచ్చే సిరప్‌లలో క్లావులనేట్ పాళ్ళు వేరువేరుగా ఉంటాయి. రాసింది లేదని షాపులో "అదేనండీ, ఇదీ ఒకటే" అని వేరే సీసా ఇస్తే, డాక్టరుని అడక్కుండా తీసుకోకండి.

ఇప్పుడు సాచెట్ సంగతి. ప్రోబయాటిక్‌కి మాత్రం చెప్పుకోదగ్గ ఆధారం ఉంది. 2019లో వైద్య అధ్యయనాలని సమీక్షించే కాక్రేన్ సంస్థ 33 అధ్యయనాలని, అంటే 6,352 మంది పిల్లల వివరాలని, కలిపి చూసింది. యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయాటిక్ తీసుకున్న పిల్లల్లో 8 శాతానికి విరేచనాలు వచ్చాయి, తీసుకోనివాళ్ళలో 19 శాతానికి. సుమారు తొమ్మిదిమందికి ఇస్తే ఒకరికి తప్పుతాయన్నమాట. మిగతా ఎనిమిదిమందికీ ఇవ్వకపోయినా రాకపోవచ్చు, ఇచ్చినా రావచ్చు. మంచిదే గానీ మహత్యం కాదు.

ఆ మాత్రం ఫలితం కూడా అన్ని సాచెట్లకీ వర్తించదు. యూరప్ పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘం రెండిటి పేర్లే చెప్తుంది: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జి.జి., శాకరోమైసిస్ బౌలార్డి. అదీ రోజుకి 500 కోట్ల సూక్ష్మజీవులకి తగ్గకుండా, యాంటీబయాటిక్ మొదలైన రోజు నుంచే. మీ సాచెట్ వెనక్కి తిప్పి చూడండి, ఈ పేర్లలో ఏదైనా ఉందా, పక్కన ఎన్ని కోట్లు రాశారు అని. బౌలార్డి ఒక రకం ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు, రెండూ ఒకేసారి ఇచ్చినా ఫర్వాలేదు. బ్యాక్టీరియా రకమైతే సిరప్‌కీ దానికీ రెండు గంటల ఎడం పెట్టండి. చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వచ్చే బాసిల్లస్ క్లాసై మన దగ్గర విపరీతంగా అమ్ముడవుతుంది. దానికి ఉన్న ఆధారం పై రెండిటికన్నా తక్కువ. కొన్ని సాచెట్ల మీద "ప్రీ అండ్ ప్రోబయాటిక్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. నేను తిప్పి చూసినవాటిలో ప్రీబయాటిక్ భాగం ఎక్కువగా వంద మిల్లీగ్రాముల దగ్గర తిరుగుతోంది. హాప్‌కామ్స్ వాళ్ళ పళ్ళ కొట్లో దొరికే చిన్న ఏలక్కి అరటిపండు ఒక్కటి తింటే గ్రాము పైనే పీచు వస్తుంది.

నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి, క్యాన్సర్ మందుల వంటివాటితో రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకి, మెడలోనో ఛాతీలోనో పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసి ఉన్నవాళ్ళకి సొంతంగా ప్రోబయాటిక్ ఇవ్వనే కూడదు. ఆ సూక్ష్మజీవులే రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. నెలలు నిండని శిశువుల విషయంలో అమెరికాలో మందుల్నీ ఆహారాన్నీ నియంత్రించే ఎఫ్.డి.ఎ. 2023లో ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. మరో ముచ్చట: 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు యాంటీబయాటిక్ వాడిన పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్ళకి సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది. అది పెద్దవాళ్ళలో, కలగలుపు ప్రోబయాటిక్‌తో చూసిన ఫలితం. పిల్లలకి నేరుగా అంటగట్టలేం. కానీ "ఇస్తే పోయేదేముంది" అనే మాట నేను మానేయడానికి అదొక కారణం. ఇదివరకు యాంటీబయాటిక్‌తో బాగా విరేచనాలైన పిల్లలకి, పది రోజుల కోర్సు రాసినప్పుడు, మొదటి రోజు నుంచే ప్రోబయాటిక్ రాస్తాను. మిగతావాళ్ళకి రాయను. మీ పాపకి మూడో రోజు దాటింది, సాచెట్‌లో సరైన రకం ఉంటే కోర్సు అయ్యేదాకా ఇవ్వండి, లేకపోతే దాని కోసం షాపుల చుట్టూ తిరగొద్దు.

పెరుగు. అత్తగారితో గొడవ పెట్టుకోకండి, నా పేరు చెప్పండి. పెరుగు జలుబుని పెంచదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పెరుగు గొంతుకి ఇబ్బందిగా ఉంటుంది, ఆవిడ చూసింది అదే అయ్యుండొచ్చు. అరగంట బయట పెట్టి, మెత్తటి అన్నంలో చిటికెడు ఉప్పేసి కలపండి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో లెక్కకట్టలేం కాబట్టి దాన్ని మందు అనను. కానీ పాలకన్నా లాక్టోజ్ తక్కువ, తేలిగ్గా అరుగుతుంది, పిల్లలు తింటారు. అమాక్సిసిలిన్‌కీ పెరుగుకీ పడకపోవడం ఏమీ లేదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లైతే పాలల్లో కాల్షియం మందుని పట్టేసుకుంటుంది, వాటికి ఎడం పాటించాలి.

నీళ్ళ సంగతి. ప్రీబయాటిక్ గురించి ఇంత ఆలోచించిన ఇళ్ళలోనే ఓ.ఆర్.ఎస్. తప్పుగా కలపడం చూస్తుంటాను. లీటరు నీళ్ళకి అని రాసిన పెద్ద ప్యాకెట్‌ని చెంచా చెంచా చొప్పున గ్లాసులో వేసుకోవడం, తాగట్లేదని అందులో పంచదార కలపడం. అలా చేయకండి. మొత్తం ప్యాకెట్ మొత్తం లీటరులో, ఒక్కరోజులో వాడేసి మిగిలింది పారబోయండి. మీ పాప వయసుకి పలచటి మోషన్ అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మిల్లీలీటర్లు, గుక్క గుక్కగా. ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో తియ్యటి నీళ్ళు అమ్మేవాళ్ళ మీద హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అలాంటి పానీయాలు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా ప్యాకెట్ మీద డబ్ల్యు.హెచ్.ఓ. ఫార్ములా అని ఉందో లేదో చూసుకునే కొనండి. పంచదార ఎక్కువైన నీళ్ళు కూడా విరేచనాలని పెంచుతాయి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక తండ్రి ఫోన్ చేశాడు. ఏడాదిన్నర పిల్ల, యాంటీబయాటిక్ మీద ఉంది, మోషన్స్. "మందు వల్లేలే, తగ్గిపోతుంది" అని పెట్టేశాను. ఒంటికి ఎన్నిసార్లు వెళ్ళింది, మోషన్‌లో జిగురు ఉందా, జ్వరం ఉందా, ఒక్కటీ అడగలేదు. సాయంత్రానికి పిల్లని భుజాన వేసుకుని వచ్చాడు. కళ్ళు లోపలికి పోయాయి, నాలుక బరకగా ఉంది, డైపర్ పొద్దుటి నుంచీ పొడిగానే ఉంది. అది యాంటీబయాటిక్ విరేచనం కాదు, రక్త విరేచనాలు. సెలైన్ ఎక్కించి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎవరు మోషన్స్ అన్నా నా మొదటి ప్రశ్న "ఒంటికి ఎప్పుడు పోసింది?" అనే.

కాబట్టి ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, మోషన్‌లో రక్తమో జిగురో కనిపించినా, మళ్ళీ జ్వరం ఎక్కినా, తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, మగతగా పడి ఉన్నా ఇది చదవడం ఆపి బయల్దేరండి. ఒంటి మీద దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా అది వేరే సమస్య. వెంటనే సిరప్ ఆపి అత్యవసర విభాగానికి వెళ్ళాలి. మధ్యలో ఒక చిన్న విషయం: సెఫ్డినిర్ అనే యాంటీబయాటిక్‌తో పాటు ఐరన్ చుక్కలు వాడితే మోషన్ ఇటుక రంగులో వస్తుంది. ఒకావిడ ఆ డైపర్‌ని మూడు కవర్లలో చుట్టి, ఏడుస్తూ ఆటోలో పట్టుకొచ్చింది. రక్తం కాదని తేలాక ఆవిడ ముఖం చూడాలి. అయినా తేవడం మంచిదే, నేను ఎవర్నీ నవ్వుతూ పంపించను.

పిర్రల మంటకి వెట్ వైప్స్ మానేసి గోరువెచ్చటి నీళ్ళతో కడగండి, మెత్తటి బట్టతో అద్దండి, జింక్ ఆక్సైడ్ క్రీము గోడకి సున్నం కొట్టినంత మందంగా రాయండి. తొడల మడతల్లో కూడా ఎరుపెక్కి చుట్టూ చిన్న చిన్న చుక్కలుంటే అది ఫంగస్, దానికి వేరే క్రీము కావాలి. యాంటీబయాటిక్ వాడాక ఇది మామూలే.

ఇక ప్రీబయాటిక్ పని. మోషన్ గట్టిపడ్డాక, కోర్సు పూర్తయ్యాక, నాలుగు నుంచి ఆరు వారాల పాటు తిండి మీద కాస్త దృష్టి పెట్టండి. డెన్మార్క్ పరిశోధకులు 2018లో పన్నెండుమంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకి మూడు బలమైన యాంటీబయాటిక్‌లు నాలుగు రోజులు ఇచ్చి చూస్తే, పేగు బ్యాక్టీరియా నెలన్నరలో చాలావరకు తిరిగొచ్చింది. తొమ్మిది రకాలు మాత్రం ఆర్నెల్లకీ కనిపించలేదు. మీ పాప వాడుతున్నది అంత ఘాటు మందులు కావు, కంగారు పడకండి. కానీ తిరిగి రావడానికి వారాలు పడుతుందని అర్థమైతే చాలు, మూడు రోజుల్లో బాగుచేస్తామనే పొడుల మీద మోజు తగ్గుతుంది.

బెంగళూరులో ఉండి రాగులు వెతుక్కోవాల్సిన పని లేదు. వంద గ్రాముల రాగుల్లో పదకొండు గ్రాముల దాకా పీచు ఉంటుంది. కన్నడ ఇళ్ళలో మొలకెత్తించి ఆరబెట్టి చేసే రాగి సరి, మన రాగి జావ, ఏదైనా సరే. జావ కాచి గోరువెచ్చగా అయ్యాక మజ్జిగ పోసి కలిపితే మా సీమ పిల్లలు గ్లాసు ఎత్తి తాగేస్తారు. పైమూతి మీద గీత మిగులుతుంది. పెసరపప్పు, కందిపప్పు కూడా మంచి మేతే, పప్పుల్లో ఉండే రాఫినోజ్ లాంటి చక్కెరలు నేరుగా పెద్దపేగు బ్యాక్టీరియాకే చేరతాయి. పప్పులో ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు బాగా ఉడికించి మెదిపేయండి. డబ్బాలో అమ్మే ఇనులిన్ జాతి పీచే వాటిలోనూ ఉంది. అరటిపండు మరీ మాగింది కాకుండా కాస్త గట్టిగా ఉన్నది ఇస్తే అరగని పిండి కొంచెం ఎక్కువ దొరుకుతుంది.

వండి చల్లార్చిన అన్నంలో కూడా కొంత పిండి అరగని రకంగా మారుతుంది. మన పెద్దవాళ్ళ చద్దన్నం అలా ఉపయోగపడేది. కాకపోతే పసిపిల్లకి రాత్రంతా గట్టు మీద వదిలేసిన అన్నం పెట్టకండి, అందులో వేరే బ్యాక్టీరియా పెరుగుతుంది. వండిన గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న తీసి పెరుగు కలిపి పెట్టండి.

ఎంత అన్నారు కదా. పిల్లల వయసుకి అయిదు కలిపితే రోజుకి కావలసిన పీచు గ్రాముల్లో వస్తుంది, ఇది పిల్లల డాక్టర్లు చాలాకాలంగా వాడే లెక్క. మీ పాపకి ఏడెనిమిది గ్రాములు. ఒక చిన్న గిన్నె రాగి జావ, రెండు పూటలా పప్పన్నం, ఒక అరటిపండు, కాస్త కూర. దాదాపు అయిపోయింది. ఇవన్నీ ఒక్కరోజే మొదలుపెట్టకండి, మూడు రోజులకి ఒకటి చొప్పున చేర్చండి, లేకపోతే గ్యాస్‌తో పాప రాత్రి నిద్రపోదు, మీరూ నిద్రపోరు. ఏడాది లోపు పిల్లలున్న వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, తేనె మాత్రం దగ్గరికి రానివ్వకండి.

పత్యం పేరుతో అయిదు రోజులు సగ్గుబియ్యం జావ, గంజి మాత్రమే పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పోయిన ఏడు అలా ఒక పిల్లాడు వారంలో అరకిలోకి పైగా తగ్గి వచ్చాడు. మోషన్స్ ఉన్నా తిండి పెట్టాలి. ఇడ్లీ, పెరుగన్నం, పలచటి పప్పు, గుడ్డు, ఏది తింటే అది.

ఇంకా కొంతమంది అడుగుతారు, అసలు యాంటీబయాటిక్ అవసరమా అని. న్యాయమైన ప్రశ్నే. అవసరం లేని యాంటీబయాటిక్ వాడకపోవడాన్ని మించిన రక్షణ పేగుకి లేదు. రెండేళ్ళు దాటిన పిల్లల్లో చెవిపోటు ఒక చెవికే, తక్కువ నొప్పి, తక్కువ జ్వరంతో వస్తే రెండు మూడు రోజులు నొప్పి మందుతో ఆగి చూడొచ్చు. కానీ ఆ నిర్ణయం చెవిలోకి లైటు వేసి చూసినవాళ్ళు మొదటి రోజు తీసుకోవాల్సింది. ఇప్పుడు మధ్యలో మానేయడానికి దాన్ని సాకుగా వాడకండి. ఏడు రోజుల తర్వాత సీసాలో మిగిలిన మందు మాత్రం పారేయండి. నీళ్ళు కలిపాక ఫ్రిజ్‌లో ఉన్నా వారమే దాని ఆయుష్షు, వచ్చే జలుబుకి పనికిరాదు.

చాలావరకు కోర్సు అయిన కొద్ది రోజుల్లోనే మోషన్ మామూలవుతుంది. రెండు వారాలు దాటినా సర్దుకోకపోతే చూపించండి. ఒక్కోసారి కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి కూడా విరేచనాలు మొదలవుతాయి. అప్పటికి ఈ సిరప్ సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు, కొత్త డాక్టరుకి చెప్పరు. అందుకని ఇప్పుడే సీసా మీది లేబుల్‌నీ, సాచెట్ వెనక భాగాన్నీ ఫోన్లో ఫోటో తీసి ఉంచుకోండి, తేదీ దానంతట అదే పడుతుంది.